అయిడా వెల్సు చరిత్రము

ఒక దేశమునందు మంచి చట్టములు వ్రాయబడినంత మాత్రమున అచ్చట న్యాయము నెలకొన్నదని తలపరాదు. చట్టము కాగితముమీద నుండును. దానిని నడిపించువారు మనుష్యులు. ఆ మనుష్యులు బలవంతుని మాటయే సత్యమని నమ్మి యూరకుండినచో, ఎంత గొప్ప శాసనమైనను దుర్బలునికి తోడు రాజాలదు. తన జాతివారినిగూర్చి బలవంతులు పుట్టించిన యొక యపవాదమును తానును కొంతకాలము నమ్మి, పిమ్మట తన పొరపాటును గ్రహించి, సత్యమును వెదకి లోకమునకు చూపుటయందే తక్కిన జీవితమును వినియోగించిన యొక స్త్రీయొక్క చరిత్ర మిందు వ్రాయబడుచున్నది. ఆమె అమెరికా సంయుక్తరాష్ట్రములయందలి నల్లజాతికి చెందిన అయిడా వెల్సు.

అయిడా 1862వ సంవత్సరము జూలై 16వ తేదీని మిసిసిపీ రాష్ట్రమునందలి హోలీ స్ప్రింగ్సు అను చిన్న పట్టణమున, బానిసలైన తలిదండ్రులకు ప్రథమసంతానముగా జన్మించెను. అప్పటికి ఉత్తర దక్షిణ రాష్ట్రములకు నడుమ అంతర్యుద్ధము జరుగుచుండెను. ఆమె పుట్టిన యాఱు మాసములకు, 1863 జనవరి 1వ తేదీని, అధ్యక్షుడైన లింకను తిరుగుబాటుచేసిన రాష్ట్రములయందలి బానిసలు స్వతంత్రులని ప్రకటించెను. 1865లో యుద్ధము ముగిసి, రాజ్యాంగమునకు చేయబడిన పదుమూడవ సవరణవలన దాస్యము దేశమంతటను నిషిద్ధమయ్యెను. తండ్రి జేమ్సు వెల్సు వడ్రంగి. తల్లి ఎలిజబెత్తు వంటపనిలో నేర్పరి. స్వాతంత్ర్యము లభించినతోడనే ఆ దంపతులు తమ బిడ్డలకు మొట్టమొదట సంపాదించిపెట్టిన సొత్తు చదువే. ఆ యూర నల్లజాతివారికై స్థాపింపబడిన విద్యాలయమునకు తండ్రి ధర్మకర్తలలో నొకడయ్యెను. తల్లి తాను సయితము అక్షరములు నేర్చుకొనవలెనని బిడ్డలతోకూడ బడికి పోయెను.

1878వ సంవత్సరమున ఆ ప్రాంతమున పచ్చజ్వరమను నంటువ్యాధి వ్యాపించెను. అప్పుడు అయిడా పల్లెలోని నాయనమ్మ యింట నుండెను. తలిదండ్రు లిరువురును, పాలుత్రాగు తమ్ముడును కొలదిదినములలోనే మరణించిరి. వ్యాధి యింకను అడగలేదు గావున పోవలదని పెద్దలు వారించినను వినక, ప్రయాణికుల బండ్లు నడువకుండుటచే సామానుల రైలునెక్కి యామె యింటికి వచ్చెను. తండ్రి స్నేహితులు సమావేశమై, మిగిలిన బిడ్డలను తలకొక యింట నుంచుటకును, నడువలేని యొక చెల్లెలిని బీదలసత్రమునకు పంపుటకును నిశ్చయించిరి. పదునాఱేండ్ల యా బాలిక దానికి సమ్మతింపలేదు. తమ్ములను చెల్లెండ్రను తానే పోషింతునని చెప్పి, వయసువచ్చిన దానివలె కనబడుటకై దుస్తులను పొడవుచేసికొని, నెలకు 25 డాలర్ల జీతముమీద నొక పల్లెబడిలో నుపాధ్యాయినిగా కుదురుకొనెను. వారమంతయు అచ్చట పాఠములు చెప్పి, శుక్రవారము సాయంకాలము కంచరగాడిదనెక్కి యిల్లు చేరి, బట్టలుతికి, వంటచేసి, మరల ఆదివారము పల్లెకు పోవుచుండెను. చేతబట్టిన భారమును దించుట యెఱుగని స్వభావము ఆమెకు నాడే యేర్పడెను.

కొంతకాలమునకు చిన్నచెల్లెండ్రతో టెన్నెసీ రాష్ట్రమందలి మెంఫిసు నగరమునకు వచ్చి, చుట్టుపట్ల పాఠశాలలయందు పనిచేయుచుండెను. ఆ దినములలో నల్లజాతివారికి యుద్ధానంతరము చట్టమువలన సంక్రమించిన హక్కులు ఒకటొకటిగా తొలగిపోవుచుండెను. రైళ్లయందును సత్రములయందును సమానత్వము నొసగిన 1875వ సంవత్సరపు శాసనమును సర్వోన్నత న్యాయస్థానము 1883లో చెల్లదని త్రోసివేసెను. ఆ కాలముననే యొకనాడు అయిడా మొదటితరగతి టిక్కెట్టు కొనుక్కొని స్త్రీలపెట్టెలో కూర్చుండగా, కండక్టరు వచ్చి పొగత్రాగువారి పెట్టెలోనికి పొమ్మనెను. ఆమె కదలలేదు. అతడు చేయిపట్టి లాగగా ఆమె వాని చేతిని కఱచెను. తుదకు మువ్వురు పురుషులు కూడి యీడ్చివేయగా, తెల్లజాతి ప్రయాణికులు లేచి చప్పట్లు కొట్టిరి. ఆమె పొగపెట్టెలో కూర్చుండుట కొప్పుకొనక బండిదిగి, రైలుకంపెనీపై వ్యాజ్యము వేసెను.

ఆ వ్యాజ్యము కథ న్యాయశాస్త్రమును చదివినవారు తెలిసికొనదగినది. టెన్నెసీ రాష్ట్రమున 1881లో చేయబడిన చట్టము, మొదటితరగతి సొమ్ము చెల్లించిన నల్లజాతివారికి వేఱుపెట్టె నిచ్చినను, అది మొదటితరగతి పెట్టెయే కావలెనని చెప్పుచుండెను. తొలుత నియమించుకొన్న వకీలు జాప్యము చేయుటచే ఆమె మఱొకనిని నియమించుకొనెను. 1884లో క్రిందికోర్టు న్యాయాధిపతి, త్రాగుబోతులును పొగత్రాగువారును చేరెడు పెట్టె మొదటితరగతి కానేరదని నిర్ణయించి, ఆమెకు 500 డాలర్లు నష్టపరిహార మిప్పించెను. కంపెనీవారు అప్పీలుచేసిరి. 1887లో రాష్ట్రపు టున్నతన్యాయస్థానము ఆ రెండుపెట్టెలును సమానమేయనియు, వాది సుఖముగా కూర్చుండుటకు గాక కంపెనీని వేధించుటకే పట్టుపట్టినదనియు చెప్పి, తీర్పును కొట్టివేసి, ఖర్చులను ఆమెపై మోపెను. చట్టములో నొక యక్షరమైనను మాఱలేదు. దానిని చదివిన కన్నులు మాఱినవి. న్యాయస్థానము తన జాతికి రక్షణయని గట్టిగా నమ్మియున్న యామె యాశ భంగమయ్యెను.

న్యాయస్థానపు ద్వారము మూతపడగా ఆమె వార్తాపత్రిక నాశ్రయించెను. అయోలా యను మాఱుపేరుతో ఆమె వ్రాయుచుండిన వ్యాసములు నల్లజాతివారి పత్రికలయందు వ్యాపించెను. 1889లో మెంఫిసునుండి వెలువడుచుండిన ఫ్రీ స్పీచి యను పత్రికలో ఆమె భాగస్వామిని యయ్యెను. నల్లజాతి బాలుర పాఠశాలల దుస్థితినిగూర్చి నిర్భయముగా వ్రాసినందున 1891లో ఆమె యుపాధ్యాయపదవి పోయెను. అందులకు చింతింపక పత్రికయే వృత్తిగా చేసికొని, ఊరూర తిరిగి చందాదారులను చేర్చెను.

ఇప్పు డామె జీవితమును రెండుగా చీల్చిన సంగతిని చెప్పవలసియున్నది. మెంఫిసు నగరపు పొలిమేరను నల్లజాతివారు కొందఱు వాటాలు వేసికొని ప్రజల యంగడి యను పేరుతో నొక కిరాణాకొట్టు పెట్టిరి. దానికి ముఖ్యుడు టామసు మాసు అను టపాబంట్రోతు, సౌమ్యుడు, అయిడాకు పరమమిత్రుడు. అతని చిన్నకూతునకు ఆమెయే జ్ఞానమాత. అంతవఱకు ఆ పేటలో తానొక్కడే వ్యాపారము చేయుచుండిన తెల్లజాతి కోమటికి ఈ యంగడి కంటగింపయ్యెను. 1892 మార్చినెలలో గోలీలాడుకొను పిల్లల తగవు పెద్దల తగవుగా మాఱెను. కొట్టుమీద దాడి జరుగునను భయముచే లోపలివారు కాపలా నుంచుకొనిరి. రాత్రివేళ మామూలు దుస్తులతో ఆయుధములు ధరించి వెనుకత్రోవను వచ్చినవారిపై ఆ కావలివారు కాల్చిరి. వచ్చినవారు షెరీఫు బంట్రోతులని పిమ్మట తేలెను. వారిలో మువ్వురు గాయపడిరి. నల్లజాతివా రెందఱో చెఱసాలలో పెట్టబడిరి. మార్చి 9వ తేదీ తెల్లవాఱకముందు ముసుగులు వేసికొన్న గుంపొకటి చెఱసాలలో ప్రవేశించి, మాసును అతని సహచరు లిరువురిని బయటికి లాగి, ఊరి వెలుపల రైలుపట్టాలవద్ద కాల్చిచంపెను. విచారణ లేదు, తీర్పు లేదు, చంపినవారిలో నొక్కనికైన శిక్ష లేదు. అంగడి సరకులు మిగుల చవుకగా అమ్ముడుపోయినవి.

పత్రికపనిమీద పొరుగూరనుండిన అయిడా వచ్చుసరికి మిత్రుని యంత్యక్రియలు ముగిసెను. ఆ దుఃఖములో ఆమె తన్నుతాను పరీక్షించుకొనెను. దక్షిణరాష్ట్రములయందు గుంపుగూడి నల్లజాతివారిని చంపుట యప్పటికి సామాన్యమయ్యెను. తెల్లజాతి స్త్రీల మానమునకు హాని చేసినవారినే ప్రజలు కోపావేశమున చంపుచున్నారని పత్రికలు చెప్పుచుండెను. మూకహత్య తప్పేయైనను, చచ్చినవాడు దుర్మార్గుడే కదాయని చదువుకొన్నవారు సమాధానపడుచుండిరి. అయిడాయును అటులే యనుకొనుచుండెను. ఈ సంగతిని ఆమె తరువాత దాచక యొప్పుకొనెను. మాసు ఏ స్త్రీకిని కీడు తలపెట్టలేదు. అతడు చేసిన యపరాధ మొక్కటే: తెల్లవానితో పోటీగా అంగడిపెట్టి బాగుపడుట. ఈ యొక్కని విషయమున చెప్పబడిన కారణ మబద్ధమైనచో, తక్కిన వందలకొలది మనుష్యుల విషయమున చెప్పబడినదిమాత్రము సత్యమని యెట్లు నమ్మవచ్చును? ఈ ప్రశ్నయే ఆమెకు గురువయ్యెను.

ఆమె రెండు పనులు చేసెను. మొదటిది తనవారిని ప్రతీకారమునకు గాక క్రమమైన ప్రతిఘటనకు పురికొల్పుట. ప్రాణమునకు రక్షణలేని యూరిని విడిచిపొండని ఆమె తన పత్రికలో బోధింపగా, వేలకొలది నల్లజాతివారు మెంఫిసును వదలి ఓక్లహామా ప్రాంతమునకు తరలిరి. మిగిలినవారు ట్రామునెక్కుట మానిరి. రాబడి తగ్గిపోగా ట్రాముకంపెనీ యధికారులు స్వయముగా ఆమె పత్రికాకార్యాలయమునకు వచ్చి, మరల ఎక్కునట్లు తమవారికి చెప్పుమని కోరిరి. మాసును తిరిగి బ్రదికింపలేని నగరమున కామె యా సాయము చేయ నిరాకరించెను. పేదలు విడివిడిగా నున్నప్పు డెవరును లక్ష్యపెట్టని యొక యణా, అందఱును కలిసి బిగబట్టినప్పుడు అధికారులను గడపయొద్దకు రప్పించినది.

రెండవది సత్యపరిశోధన. ఆమె హత్యలు జరిగిన తావులకు పోయి, సాక్షులను విచారించి, చెప్పబడిన కారణమును జరిగిన సంగతితో పోల్చిచూచెను. ఎనిమిది సంవత్సరములలో 728 మంది నల్లజాతివారు మూకలచేత చంపబడిరని తెల్లవారి పత్రికలయందే లెక్క యుండెను. వారిలో మూడవవంతు మందిపైనమాత్రమే స్త్రీలకు సంబంధించిన నేరము మోపబడినది. మోపబడినదేకాని నిరూపింపబడినది కాదు. తక్కినవారు జగడమాడినందులకును, మాటకు మాట చెప్పినందులకును, కొన్నియెడల నేమియు చేయకయే, చచ్చిరి. నేరము మోపబడిన కొన్ని సంగతులలో స్త్రీపురుషుల పరస్పరసమ్మతియే యుండెననియు, అది బయటపడినతరువాతనే బలాత్కారమను పేరు పెట్టబడెననియు ఆమెకు తెలియవచ్చెను. 1892 మే నెలలో ఈ సంగతిని సూచించుచు నొక చిన్నవ్యాసము వ్రాసి ఆమె ఉత్తరదేశమునకు ప్రయాణమై పోయెను. అదియే ఆమె ప్రాణమును కాపాడినది. నగరములోని పెద్దమనుష్యులు సభచేసిరి. గుంపు ఫ్రీ స్పీచి కార్యాలయమును ధ్వంసముచేసెను. ఆమె తిరిగివచ్చినచో చంపుదుమని బెదరింపులు వెడలినవి. ఆమె తన యాస్తియగు పత్రికను కోల్పోయి, న్యూయార్కు నగరమునందు ప్రవాసిని యయ్యెను.

చేతిలోని కలమునుమాత్ర మెవ్వరును లాగుకొనలేకపోయిరి. న్యూయార్కులో నల్లజాతి స్త్రీలు 1892 అక్టోబరులో నొక సభచేసి, 500 డాలర్లు చందావేసి యామె కిచ్చిరి. ఆ ధనముతో ఆమె తన పరిశోధనను చిన్నపుస్తకముగా ముద్రింపించెను. పూర్వము తాను బానిసగానుండి, పిమ్మట దాస్యనిర్మూలనమునకై పోరాడి ప్రసిద్ధిగాంచిన వృద్ధుడు ఫ్రెడరికు డగ్లసు దానిని మెచ్చి పరిచయలేఖ వ్రాసెను. 1895లో ప్రకటించిన రెడ్ రికార్డు అను గ్రంథమున నామె సంవత్సరముల వారీగా చంపబడినవారి పేళ్లను, ఊళ్లను, మోపబడిన నేరములను పట్టికలుగా నిచ్చెను. ఇచ్చట ఆమె యవలంబించిన పద్ధతిని గమనింపవలెను. నల్లజాతివారి సాక్ష్యము నెవరును నమ్మరని యెఱిగి, ఆమె లెక్కలను చికాగో ట్రిబ్యూను మున్నగు తెల్లవారి పత్రికలనుండియే తీసికొనెను. ప్రతిపక్షి నోటినుండి వెడలిన యొప్పుదలకంటె బలమైన సాక్ష్యము లేదని న్యాయవాదు లెఱుగుదురు. న్యాయశాస్త్రమును చదువని యా స్త్రీ దానిని తన వివేకముచేతనే కనిపెట్టినది.

స్వదేశమున వినువారు కొందఱే యుండుటచేత, 1893లోను 1894లోను ఆమె ఇంగ్లండునకు పోయి యుపన్యసించెను. ఆహ్వానించినవారిలో నొకతె క్వేకరు మతస్థురాలగు కాథరిను ఇంపీ. ఈమె వర్ణభేదమును ఖండించుటకై 1888లో స్థాపించిన పత్రికకు యాంటీ కాస్టు, అనగా కులవ్యతిరేకియని పేరుపెట్టెను. ఒక దేశమున దేహవర్ణమువలనను, మఱొక దేశమున పుట్టుకవలనను మనుష్యుని తక్కువచేయుట యొక్కటే దోషమని ఆ పేరు చెప్పుచున్నది. అయిడా యుపన్యాసములవలన లండనులో మూకహత్యానిరోధక సంఘ మేర్పడెను. ప్రత్తివ్యాపారముమీద నాధారపడిన దక్షిణనగరములకు ఇంగ్లండువారి యభిప్రాయము లక్ష్యముచేయదగినదే గావున, మెంఫిసునందలి ప్రముఖులును పత్రికలును సమాధానము చెప్పుకొనవలసివచ్చెను. ఈ సందర్భముననే మద్యపాననిషేధమునకై పాటుపడి జగద్విఖ్యాతినందిన ఫ్రాన్సిసు విల్లర్డుతో ఆమెకు వివాదము కలిగెను. దక్షిణరాష్ట్రముల తెల్లస్త్రీల స్నేహమును పోగొట్టుకొనలేక, విల్లర్డు నల్లజాతి పురుషులనుగూర్చిన యపవాదమును తానును పలికియుండెను. అయిడా దానిని బహిరంగముగా నెత్తిచూపెను. ఒక దురాచారమును మాన్పువారు మఱొక యన్యాయమును చూచియు చూడనట్లుండవచ్చునా యను ప్రశ్న సంస్కర్తలకందఱకును నొప్పికలిగించునదే.

1895లో అయిడా చికాగో నగరమున న్యాయవాదియగు ఫెర్డినాండు బార్నెట్టును వివాహమాడి, తన యింటిపేరును వదలక వెల్సు బార్నెట్టు అను పేరు వహించెను. నలుగురు బిడ్డలు కలిగిరి. చంటిబిడ్డను చంకబెట్టుకొని యామె సభలకు పోవుచుండెను. ఐనను సంసారభారముచే నొకప్పుడు వెనుదీయుటయు కలదు. 1909 నవంబరులో ఇల్లినాయి రాష్ట్రపు కైరో పట్టణమున విల్లు జేమ్సు అను నల్లజాతివానిని గుంపు చంపెను. ఖైదీని గుంపుపాలుచేసిన షెరీఫు పదవి పోవలెనని ఆ రాష్ట్రమునందు 1905లోనే చట్టము చేయబడియుండెను. షెరీఫు తొలగింపబడి, తన్ను మరల నియమింపుమని గవర్నరును వేడుకొనెను. కైరోకు పోయి నిజము తెలిసికొమ్మని భర్త చెప్పగా, ఈ పని పురుషులేల చేయరాదని ఆమె విసిగి పండుకొనెను. పెద్దకుమారుడు వచ్చి తల్లిని లేపి, నీవు పోనిచో మఱెవ్వరును పోరుకదాయని యడిగెను. మఱునాడే ఆమె బయలుదేఱెను.

కైరోలో నామెకు వింతయగు సంగతి కనబడెను. ఆ షెరీఫు తమవారిలో కొందఱికి ఉద్యోగము లిచ్చినాడను కృతజ్ఞతచే నల్లజాతి ప్రముఖులే యతని కనుకూలముగా సంతకములు చేసియుండిరి. ఆమె వారిని సమావేశపఱచి, ఖైదీని కాపాడుట కతడేమి ప్రయత్నము చేసెనో విచారించి, యొకరి కిచ్చిన యుద్యోగము మఱొకని ప్రాణమునకు వెల కాదని నచ్చజెప్పి, వేఱొక తీర్మానము చేయించెను. తరువాత గవర్నరు డెనీను ఎదుట విచారణ జరిగెను. షెరీఫు పక్షమున పేరుపొందిన న్యాయవాదులు నిలిచిరి. అవతల ముఖ్యముగా నిలిచినది ఈ స్త్రీ. ఆమె తాను సేకరించిన సంగతులను వరుసగా చదివి చెప్పెను. గవర్నరు షెరీఫును తిరిగి నియమింప నిరాకరించెను. నాలుగేండ్లుగా కాగితముమీదనున్న చట్టమునకు ఆనాడు ప్రాణము వచ్చినది.

ఆ సంవత్సరముననే నల్లజాతివారి హక్కులకై యేర్పడిన జాతీయసంఘమును పిలిచినవారిలో నామె యొకతె. కాని పెద్ద సంఘములలోని సంధిమాట లామెకు పొసగలేదు. 1910లో ఆమె చికాగోలో నీగ్రో ఫెలోషిప్ లీగు అను నాశ్రయము తెఱచెను. దక్షిణమునుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన యువకులకు అచ్చట చదువుకొనుటకు గదియు, రాత్రి తలదాచుకొన చోటును, పని వెదకిపెట్టు సహాయమును లభించెను. 1913 మొదలు మూడేండ్లు న్యాయస్థానమునందు ప్రొబేషను అధికారిణిగా పనిచేసినపుడు తన జీతమును ఆ సంస్థకే వినియోగించెను. ఆర్కన్సాసునుండి తప్పించుకొనివచ్చిన స్టీవు గ్రీను అను పనివానిని పోలీసులు మరల ఆ రాష్ట్రమునకు రైలుమీద తీసికొనిపోవుచుండగా, లీగువారు త్రోవపొడుగునను షెరీఫులకు తంతు లిప్పించిరి. అతడు బండినుండి దింపబడి రక్షింపబడినది ఆ కైరో పట్టణముననే. 1913లో ఆమె నల్లజాతి స్త్రీల యోటుహక్కునకై ఆల్ఫా సఫ్రేజి క్లబ్బును స్థాపించెను. ఆ మార్చినెలలో వాషింగ్టనున జరిగిన స్త్రీల యూరేగింపునందు, నల్లజాతివారు వెనుక నడువవలెనని పెద్దలు శాసింపగా, ఆమె ప్రేక్షకుల గుంపులో నిలిచి, తన రాష్ట్రపు స్త్రీలు సమీపించినతోడనే వారి నడుమ చేరి నడిచెను.

1919లో ఆర్కన్సాసు రాష్ట్రమున ఎలైను ప్రాంతపు ప్రత్తిరైతులు, భూస్వాములవలన సరియైన లెక్క పొందుటకై సంఘముగా చేరగా, వారిపై దాడి జరిగి నల్లజాతివా రెందఱో చంపబడిరి. చంపినవారు గాక చావు తప్పించుకొన్నవారే విచారణకు తేబడిరి. ఒక విచారణ ముప్పాతిక గంటలో ముగిసెను. జూరీవారు అయిదు నిమిషములలోపల తీర్పుచెప్పిరి. పండ్రెండుమందికి మరణశిక్ష విధింపబడెను. అయిడా ఖైదీల బంధువులలో నొకతెవలె నటించి చెఱసాలలో ప్రవేశించి, వారినోట సంగతి విని, వారి కమ్మి పంట పోయిన లెక్కతోసహా 1920లో పుస్తకముగా ప్రకటించెను. సిపియో జోన్సు మొదలగు న్యాయవాదుల కృషివలన వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. గుంపునకు వెఱచి జరిపిన విచారణ విచారణ కానేరదని ఆ న్యాయస్థానము 1923లో నిర్ణయించెను. 1925 నాటికి పండ్రెండుమందియు బ్రతికి బయటపడిరి.

1931 మార్చి 25వ తేదీని అయిడా చికాగోలో తన యఱువదియెనిమిదవ యేట మరణించెను. వ్రాయుచుండిన స్వీయచరిత్రము ఒక మాట నడుమనే నిలిచిపోయెను. ఆమె కుమార్తె దానిని 1970లో ప్రకటింపజేసెను. పత్రికారచయితల కిచ్చు పులిట్జరు గౌరవ మామెపేర 2020లో ప్రకటింపబడెను. మూకహత్యను దేశమంతటను నేరముగా నిర్ణయించు శాసనముమాత్రము 2022 మార్చివఱకు అమెరికాలో పుట్టలేదు. మాసు చంపబడిన 130 సంవత్సరముల కది వచ్చినది.

చదువరులారా, ఈ చరిత్రమునందు మిక్కిలి విలువైనది ఆమె ధైర్యము కాదు. ధైర్యవంతులు లోకమున ననేకులు గలరు. బలవంతులు చెప్పిన కథను తానును నమ్మితినని గ్రహించిన దినమున సిగ్గుపడి యూరకుండక, ఆ సిగ్గునే పరిశోధనగా మార్చుకొనుట విలువైనది. ఒక జాతిపై నిందవినబడినపుడు విద్యావంతులు క్రూరులు కానక్కఱలేదు. నిరూపణ మేదని యడుగకుండినచాలును, అన్యాయము తనంతట తాను జరిగిపోవును. గుంపులోనివారు కొందఱే, వారికి ధైర్యమిచ్చునది గడపలోపల కూర్చుండి తలయూచు పెద్దమనుష్యులు. అయిడా వెల్సు తన తల యూచుట మానినది. ఆమె చేసిన మొదటి గొప్పపని యదియే. తక్కినవన్నియు దానినుండి పుట్టినవి.